అడిగిన ప్రశ్న, అడుగని ప్రశ్న

చార్లెస్ డికెన్సు 1837–1839 నడుమ ప్రకటించిన ‘ఆలివర్ ట్విస్టు’ అనాథబాలునిపై కరుణ పుట్టించు నవలగా ప్రసిద్ధము. ఆ కరుణ యెంతవఱకు ప్రసరించినది, ఎచ్చట నిలిచిపోయినది యనునదే మా విచారణ.

లండను నగరమున ఫాగిన్ అను వృద్ధుడు దిక్కులేని పిల్లలను చేరదీసి, అన్నము పెట్టి, చౌర్యము నేర్పును. తన జేబులలో రుమాళ్లుంచుకొని గదిలో తిరుగుచుండగా, బాలురు వానిని తెలియకుండ లాగవలెను. పిల్లలకది ఆట, ఫాగినునకది జీవనోపాధి.

ఆలివరు తాను చేయని దొంగతనమునకై మేజిస్ట్రేటు నెదుట నిలుచును. పేరేమి, నివాస మెక్కడ, తలిదండ్రులున్నారా యని ప్రశ్నలు వేయకపోలేదు. బాలునికి నోట మాట రాకపోగా, ప్రక్కనున్న పోలీసువాడు జాలిపడి తానే యొక పేరు కల్పించి చెప్పును. విచారణ ముగిసెను, మూడు నెలల కఠినశిక్ష! పుస్తకముల యంగడివాడు పరుగున వచ్చి నిజము చెప్పుటచేతనే వాడు బయటపడెను. ‘నిన్ను పోషించువా డెవడు? ఈ సొత్తు ఎవరికి చేరును?’ అని మాత్ర మెవ్వరు నడుగరైరి.

తరువాత డాడ్జరను బాలుడు నస్యపుడబ్బితో పట్టుబడును. వాడు నిజముగా దొంగ. వాని ధిక్కారపు మాటలకు న్యాయస్థానము నవ్వును, రచయిత నవ్వించును. ఆ జనులలోనే ఫాగిన్ పంపిన మనిషి కూర్చుండి అంతయు గమనించుచుండును. ద్వీపాంతరవాసమే వాని గతియని తోడిబాలుడు విలపించును. డికెన్సు పరిహసించినది న్యాయపీఠమునే యని కొంద ఱనవచ్చును. నిజమే, కాని యా పరిహాసమునకు బాలుని బ్రతుకే వెల యయ్యెను. ఆలివరు కంటె చిన్నవయసుననే ఫాగిను కొఱకు దొంగిలించితినని నాన్సీచేత పలికించిన రచయితకు ఈ సంగతి తెలియదనలేము. అయినను సద్వంశజాతుడు, నిరపరాధి యైన ఆలివరే రక్షింపబడెను.

నేరము చేయని బాలునిపై జాలి సులభము. నేరము చేసిన బాలునియందు బాధితుని గుర్తించుటయే కష్టము. మనుష్యుల అక్రమ రవాణాను గూర్చి 2000 లో ఐక్యరాజ్యసమితి చేసిన యొడంబడిక, దోపిడికై చేరదీయబడిన 18 ఏండ్ల లోపు వాని సమ్మతిని లెక్కింపరాదనెను. బలవంతమును రుజువు చేయనక్కరలేదనెను. ఇంగ్లండున 2015 నాటి శాసనము ఘోరాపరాధములు తప్ప తక్కిన వానియం దట్టి బాలలకు రక్షణ కల్పించెను. నేరారోపణపై వచ్చిన బాలలలో ఇట్టి బాధితులను ప్రవేశసమయముననే గుర్తించు పద్ధతులను రాష్ట్రములు తెలుపవలెనని 2018 లో అమెరికా శాసించెను. బాలలచేత నేరములు చేయించు పెద్దలకు 7 ఏండ్ల వరకు కఠిన కారాగారమని మన 2015 నాటి బాలల న్యాయచట్టము చెప్పుచున్నది.

కాని పట్టికలోని గడులు నింపుటయే పరిశీలన కాదు. ఆలివరు విషయమున గడులన్నియు నిండినవి గదా! అన్నము పెట్టినవానిని బాలుడు శత్రువని తలపడు. కావున వానిని ఒంటరిగా, ఓర్పుతో, మఱల మఱల అడుగవలెను. వానిని పంపినవాడు వినుచోట అడుగరాదు.

తరగతిలో డాడ్జరు ఘట్టము చెప్పునపుడు విద్యార్థులతోపాటు మేమును ఇన్నేండ్లు నవ్వితిమి. ఇకమీద నవ్వు సద్దుమణిగిన పిదప, ఆ నస్యపుడబ్బి యెవరి చేతికి చేరవలసియుండెనని అడుగుదుము.