బిందెడు నీళ్ళు పోసి చూసిన వాకిలి

మేస్త్రి గారు పని మొదలెట్టిన రోజు తాపీ ముట్టుకోలేదు, పార పట్టలేదు. గుమ్మం ముందు నిలబడి బిందెడు నీళ్ళు నేలమీద మెల్లగా పోశారు. నీళ్ళు కాసేపు తటపటాయించి, ఎడమవైపు కొబ్బరిచెట్టు దాకా వెళ్ళి, అక్కడ చిన్న మడుగు కట్టాయి. ఆయన చెట్టు మొదట్లో ఒక పుల్ల గుచ్చి, మళ్ళీ బిందె నింపుకొచ్చారు. అలా ఎనిమిది చోట్ల. "నీళ్ళెటు ఎల్తాయో ముందు సూసుకోవాలండి. మొక్కలదేముంది, అయ్యెక్కడైనా బతుకుతాయి" అన్నారు.

ఇల్లు మా పెద్దమ్మది. అంబాజీపేట నుంచి అమలాపురం వెళ్ళే దారికి కాస్త లోపలగా, తోటల మధ్య తూర్పు ముఖం పెంకుటిల్లు. వీధి గుమ్మానికీ ఇంటికీ మధ్య ముప్ఫై అడుగుల వాకిలి. పెద్దమ్మకి మోకాళ్ళు సహకరించడం మానేసి రెండేళ్ళయింది. రోజూ ఊడ్చి, కళ్ళాపి చల్లి, పాదులకి చెంబులతో నీళ్ళు మోసే ఓపిక లేదు. అలాగని వాకిలంతా పార్కింగ్ టైల్స్ పరిపించడానికి ఒప్పుకోలేదు. "అది వాకిలిలా ఉంటుందా, పెట్రోలు బంకులా ఉంటుంది గానీ" అంది. పని తక్కువ ఉండాలి, చూడ్డానికి కళగా ఉండాలి. ఈ రెండు కోరికలూ ఒకే వాకిట్లో ఎలా ఇమిడాయో నేను దగ్గరుండి చూశాను.

ముందు నేల సంగతి. గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, మధ్యలోంచి వైనతేయ చీల్చుకుపోయే ఈ కోనసీమ అంతా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. ఇక్కడ రాయి పుట్టదు. గడపరాయి కావాలన్నా, రుబ్బురోలు కావాలన్నా ఏరు దాటి రావాల్సిందే. గట్టి సరుకు ఏదైనా ఉందంటే ఈ మట్టినే కాల్చి చేసుకున్న ఇటుక, పెంకు. ఇళ్ళన్నీ మెరకల మీద ఉంటాయి. పక్కన గుంట తవ్వి ఆ మన్ను పోసి ఎత్తు చేసుకున్న మెరకలవి. ఎంత ఎత్తు చాలో 1986 ఆగస్టు వరద చూసినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. వానాకాలంలో నీళ్ళు ఎక్కువ, తుపానుల కాలంలో మరీ ఎక్కువ. అదే నేల ఎండాకాలం కాలువలు కట్టేసిన రోజుల్లో పైపైన బీటలు తీస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ ఈ ఊళ్ళ కేలండరు కాలువ వదలడం, కట్టడం చుట్టూనే తిరుగుతోంది. అంటే వాకిలి ఏడాదిలో ఒకసారి మునగబోతుంది, ఒకసారి ఎండబోతుంది. మధ్యలో మనిషి ప్రమేయం లేకుండా ఈ రెండిటినీ తట్టుకోవాలి.

రెండు రోజులు తుంగ గడ్డలు ఏరడానికే పోయాయి. తుంగని పైన కోస్తే ఆ పూటకి పోతుంది. కింద నల్లని గడ్డలు దారానికి గుచ్చినట్టు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఒక్కటి మిగిలినా నెల తిరక్కుండా మళ్ళీ పచ్చబడుతుంది. దారి వేసే చోట అడుగు లోతు మన్ను తీసి, జల్లెడ పట్టి, గడ్డలు వేరుచేసి కాల్చేశారు. ఆ రెండు రోజుల కూలి చూసి పెద్దమ్మ గొణిగింది. తర్వాత గొణగలేదు.

దారి నాలుగడుగుల వెడల్పు. అడుగున మన్ను దిమ్మిస కొట్టి, దానిమీద రెండంగుళాల గోదావరి ఇసుక పరిచి చదును చేశారు. ఇటుకని వెల్లకిలా పరిస్తే తొమ్మిదికి నాలుగంగుళాల ముఖం పైకి వస్తుంది, మందం మూడే. మేస్త్రి గారు పక్కకి తిప్పి నిలబెట్టారు. ముఖం సన్నబడి మూడంగుళాలయింది, లోతు నాలుగయింది. మూడో వంతు ఇటుక అదనంగా పట్టింది. అయితే పరిచిన ఇటుక బండి చక్రం ఎక్కితే పగులుతుంది, నిలబెట్టినది పక్కవాటిని ఆనుకుని బరువు పంచుకుంటుంది. సిమెంటు చుక్క వాడలేదు. ఇటుకల సందుల్లోకి పొడి ఇసుక చీపురుతో తోసి, నీళ్ళు చల్లి, మళ్ళీ తోశారు. ఎప్పుడైనా ఒకచోట కుంగితే నాలుగు ఇటుకలు పైకి తీసి, గుప్పెడు ఇసుక వేసి, మళ్ళీ పెట్టుకోవచ్చు. టైల్స్ కుంగితే అంత తేలిక కాదు.

దారి నిటారుగా పోదు, కొబ్బరిచెట్టు దగ్గర వంపు తిరుగుతుంది. కొబ్బరిచెట్టుకి కళ్ళుంటాయని, మనిషి నెత్తిన కాయ వెయ్యదని మావాళ్ళ నమ్మకం. మేస్త్రి గారు ఆ నమ్మకాన్ని కాదనలేదు. కాదనకుండానే దారిని చెట్టు మొదలుకి ఎనిమిదడుగులు దూరంగా తిప్పారు. ఇప్పుడు చూసేవాళ్ళు ఆ వంపే అందం అంటున్నారు.

అసలు నేర్పు దారికీ పాదుకీ మధ్య ఉన్న ఎత్తులో ఉంది. ఎక్కడ చూసినా పూలపాదులు దారికన్నా ఎత్తుగా కట్టి, చుట్టూ ఇటుకలు ఏటవాలుగా రంపంలా పాతుతారు. వాన పడిన ప్రతిసారీ మన్ను కొట్టుకొచ్చి దారి బురదవుతుంది, కడగాలి. ఇక్కడ తిరగేశారు. పాదులో మన్ను ఇటుక కన్నా రెండంగుళాలు కిందకి ఉంది. దారి మొత్తం ఒక పక్కకి ఒక్క అంగుళం వాలుతుంది. కంటికి తెలియదు, గోళీ పెడితే దొర్లుతుంది. దారిమీద పడ్డ ప్రతి చినుకూ పాదులోకే జారుతుంది. అంచు ఇటుకలు నిలువుగా పాతినా, వాటి తల దారితో సమానం. అందుకే చీపురు ఎక్కడా తట్టుకోదు, రాలిన ఆకు ఒక్క ఊపులో పాదులోకి పోతుంది. ఎత్తి పారబోసే పని లేదు. పాదు నిండితే ఏమిటని అడిగాను. వీధి వైపు చివర ఒక ఇటుక అంగుళం కిందకి దింపి ఉంది. పాదు ఆ మట్టానికి నిండాక నీళ్ళు ఆ సందులోంచి బోదెలోకి, అక్కడి నుంచి వీధి కాలవలోకి. ఎంత నిలవాలో అంతే నిలుస్తుంది.

చూరు కింద మరో ఏర్పాటు. ఇంటి కప్పు వెయ్యి చదరపు అడుగులనుకుంటే, ఒక సెంటీమీటరు వానకి తొమ్మిది వందల లీటర్ల పైచిలుకు నీరు పడుతుంది. అందులో సగం ముందువైపు చూరునుంచి దిగుతుంది, అంటే దగ్గరదగ్గర ముప్ఫై బిందెలు. అవన్నీ ఒకే గీత మీద పడి నేలని తవ్వేస్తాయి, గోడమీద బురద చిమ్ముతుంది. ఆ గీత వెంబడి అడుగున్నర వెడల్పు, అడుగు లోతు కాలవ తీసి పాత పెంకు ముక్కలతో నింపారు. పైకప్పు మార్చినప్పుడు దొడ్లో పోగుపడ్డ పెంకులవి. ధార వాటిమీద పడి చిట్లి, చప్పుడు చేసి, సద్దుమణిగి పాదులవైపు నడుస్తుంది. గోడకి ఆనించి మొక్కగానీ కొబ్బరి డొక్కగానీ పెట్టనివ్వలేదు. చెదలకి నిచ్చెన వేసినట్టవుతుందని.

డొక్కల దగ్గరే నేను ఎక్కువసేపు ఆగిపోయాను. కోనసీమలో కొబ్బరి డొక్క కొనాల్సిన వస్తువు కాదు. వలుపు జరిగిన చోటల్లా గుట్టలే. మేస్త్రి గారు కొత్త డొక్క వద్దన్నారు. ఎర్రటి రసం దిగి ఇటుకకి మరకలు పడతాయి. ఏడాదిపాటు వానకి తడిసి ఊదారంగు తిరిగినవి ఏరించారు. పాదుల పల్లపు అంచున రెండడుగుల లోతు, అడుగు వెడల్పు కందకం తీసి అందులో డొక్కలు వరసలుగా పేర్చారు. వరసకీ వరసకీ మధ్య మన్ను. ప్రతి డొక్కా దోసిలిలా గుంట పైకి ఉండేలా. ఇది తోటల్లో రైతులు ఎప్పట్నుంచో చేసే పనే. పాతిన డొక్క స్పంజిలా నీళ్ళు పట్టి ఉంచి, వేర్లు అడిగినప్పుడు ఇస్తుంది. కుళ్ళే దాకా, అంటే అయిదారేళ్ళ పాటు పనిచేస్తుంది, కుళ్ళుతూ పొటాష్ వదులుతుంది.

తర్వాత కొబ్బరిచెట్టు చుట్టూ నేలమీద డొక్కలు పరిచేటప్పుడు సరిగ్గా దీనికి తిరగబడి చేశారు. గుంట కిందకి, వీపు పైకి. నేను పొరపాటనుకుని ఒకదాన్ని వెల్లకిలా తిప్పబోతే నా చెయ్యి పట్టుకున్నారు. "కిందున్నది తాగాలండి, పైనున్నది గొడుగు పట్టాలి." నేలమీద దోసిలి పెడితే వాన నీరు అందులోనే నిలిచి ఎండకి ఆరిపోతుంది, ఆరేలోపు దోమలు గుడ్లు పెడతాయి. బోర్లిస్తే నీరు జారి మన్నుకి చేరుతుంది, మన్ను మీద ఎండ పడదు, తేమ పైకి రాదు, కలుపు మొలవదు. ఒకే డొక్క, ఎటు తిప్పామన్నదాన్ని బట్టి రెండు పనిముట్లు. కొబ్బరి వేరు లోతుకి దిగే తల్లివేరు కాదు, పీచులా పక్కలకి పరుచుకుంటుంది. మేత తినే వేర్లు ఎక్కువగా మొదలు చుట్టూ ఆరడుగుల లోపే. అందుకే డొక్కల పరుపు కూడా కొలిచినట్టు ఆరడుగులు. పేడ మాత్రం అక్కడ పోగుపెట్టనివ్వలేదు. పెంటపోగులో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది, పిల్లలు పెరిగి పక్కనే ఉన్న మొవ్వు తొలిచేస్తాయి.

మొక్కల విషయంలో పెద్దమ్మకీ మేస్త్రి గారికీ పేచీ వచ్చింది. రావులపాలెం వంతెన దాటి కాస్త పైకి వెళ్తే కడియం నర్సరీలు. అక్కడికి ఉత్త చేతులతో వెళ్ళి ఉత్త చేతులతో వచ్చినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. పెద్దమ్మ మనసు గులాబీల మీద ఉంది. అంటు గులాబీ కత్తిరింపు అడుగుతుంది, మందు అడుగుతుంది, ఈ గాలిలో తేమకి ఆకు మచ్చ పడుతుంది. చివరికి తెచ్చినవి తక్కువ. గుమ్మానికి దగ్గరగా నందివర్ధనం, ఏడాదంతా తెల్లగా పూస్తుంది. దారి వంపు వెంట నూరు వరహాలు, ఎర్రటి గుత్తులవి, ఏడాదికి రెండుసార్లు కత్తెర పడితే చాలు. వీధి మూలన దేవగన్నేరు. తుపానుకి దాని కొమ్మ విరగొచ్చు. 1996 నవంబరు 6 రాత్రి ఈ సీమలో నేలకూలిన కొబ్బరిచెట్లని తలుచుకుంటే, గాలికి విరగనిదంటూ ఏదీ ఉండదనిపిస్తుంది. కానీ దేవగన్నేరు విరిగిన కొమ్మ నాలుగు రోజులు ఆరబెట్టి నేలలో గుచ్చితే మళ్ళీ చెట్టే. పల్లపు అంచున వట్టివేరు. దాని వేరు నిలువుగా దిగుతుంది, పక్కకి పాకి దారిలోకి రాదు. మందారం ఒక్కటి పూజకి తప్పదంది పెద్దమ్మ. దాన్ని కొబ్బరి మట్టల నీడకి బయట పెట్టారు. ఈమధ్య కొబ్బరికి పట్టిన తెల్లదోమ వల్ల పైనుంచి తేనెలాంటి జిగురు కారి, కింద మొక్కల ఆకులమీద మసి పడుతోంది మరి. రాజోలు వైపు, ఉప్పు నీరు ఎగదన్నే ఊళ్ళలో అయితే ఈ జాబితా మారిపోతుంది. అక్కడ కాగితం పూలకీ గన్నేరుకీ మించినవి లేవు. గన్నేరు నిలువెల్లా విషం. చిన్నపిల్లలున్న ఇంట మాత్రం వద్దు.

కొబ్బరి నీడ అంచున కనకాంబరాలు. వీటిని ఒకసారే నాటారు. కాయ ముదిరి ఎండాక దానిమీద నీటి చుక్క పడితే చాలు, టప్పున పగిలి గింజలు అడుగుల దూరం ఎగురుతాయి. తడిలోనే మొలక బతుకుతుంది కాబట్టి తడిసినప్పుడే పగలడం. వాన వస్తే విత్తనం తనంతట తానే చల్లుకునే మొక్క ఇది. ఆ వైపు నీటి ధార ఎటునుంచి వస్తుందంటే, తులసికోట నుంచి. మూడడుగుల ఎత్తు కోట, దీపానికి గాలి తగలని గూడు, అడుగున చిన్న తూము. పెద్దమ్మ రోజూ పొద్దున్న పోసే చెంబెడు నీళ్ళలో తులసి తాగగా మిగిలింది తూములోంచి కనకాంబరాల పాదులోకి దిగుతుంది. నీళ్ళు పెట్టే పని విడిగా లేదు, పూజలోనే అయిపోతుంది. కొబ్బరి సంగతీ అంతే. నలభై అయిదు రోజులకో రెండు నెలలకో దింపువాళ్ళు ఎలాగూ చెట్టెక్కుతారు. కాయలతోపాటు ఎండు మట్టలూ దించేస్తారు. మట్ట నెలకొకటి చొప్పున ఎండుతుంది, అవి వీపున పడకముందే కిందకొస్తాయి. ఈనెలు చీపుర్లకి, మిగతాది పొయ్యిలోకి.

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. చిన్నప్పుడు చూసిన అద్దంలాంటి పేడ అలుకు వాకిళ్ళని తలుచుకుని మేము మురిసిపోతుంటాం. అవి వాటంతట అవి అలా ఉండలేదు. నాలుగింటికి లేచి నడుం వంచిన ఆడవాళ్ళ పని అది. పని తక్కువ వాకిలి అన్న మాట ఆ రోజుల్లో ఎవరూ అనకపోవడానికి కారణం, చేసేవాళ్ళని ఎవరూ అడక్కపోవడమే. పెద్దమ్మకి ముగ్గు మాత్రం వదులుకోవాలని లేదు. గడప ముందు నాలుగడుగుల చదరం కడప రాయి పరిచారు. ఈ వాకిట్లో ఉన్న ఒకే ఒక పరాయి సరుకు అదే. దోసెడు నీళ్ళు చల్లి, పీట మీద కూర్చుని ముగ్గు వేస్తుంది. సంక్రాంతికి గొబ్బెమ్మలూ ఆ రాతి మీదే. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వచ్చిన చుట్టాలు వాకిట్లో చెప్పులు విడిచే ముందు ఆగి, "ఆయ్, ఎంత ముద్దుగా ఉందండీ" అంటున్నారు.

అక్టోబరు చివర వాయుగుండం పట్టిన రోజు నేనక్కడే ఉన్నాను. రాత్రంతా చూరు కింద పెంకు ముక్కలు మోగుతూనే ఉన్నాయి. తెల్లవారి చూస్తే వీధిలో మడమలోతు నీరు. వాకిట్లో పాదులు నిండి, దించిన ఇటుక మీంచి సన్నటి ధార బోదెలోకి పోతోంది. మధ్యాహ్నానికి దారి ఆరింది, బురద మచ్చ లేదు. గాలికి ఒక డొక్క ఎగిరొచ్చి దారిమీద వెల్లకిలా పడి ఉంది, గుంటలో నీళ్ళు. పెద్దమ్మ దాన్ని కాలి బొటనవేలితో బోర్లించి, పాదులోకి తోసి, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయింది.