రక్షణ చట్టం కంటికి ఆనని వాళ్ళు

ఆసుపత్రిలో హింస అనగానే మన ముందు ఒకటే బొమ్మ పెడుతున్నారు. రోగి చనిపోతాడు. బంధువులు గుంపుగా వస్తారు. అద్దాలు పగులుతాయి, డ్యూటీ డాక్టరు చొక్కా చిరుగుతుంది. ఈ బొమ్మ అబద్ధమని మేం అనడం లేదు. 2020 జూన్‌లో హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో జూనియర్ డాక్టరు మీద దాడి జరిగితే వాళ్ళు సమ్మె కట్టారు, అది న్యాయమే. మా పేచీ ఎక్కడంటే, ఈ ఒక్క బొమ్మనే మొత్తం హింసకి నిర్వచనం చేసి కూచోబెట్టారు. హింస ఎప్పుడూ కింద నుంచి, చదువులేని జనం నుంచే వస్తుందన్న భావజాలం దీని వెనక ఉంది. పై నుంచి వచ్చేదానికి 'క్రమశిక్షణ' అని పేరు.

డాక్టర్ సుధాకర్ సంగతే చూద్దాం. నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో మత్తు డాక్టరు, దళితుడు. 2020 ఏప్రిల్‌లో మాస్కులు లేవు, రక్షణ కిట్లు లేవు అని బహిరంగంగా అన్నందుకు సస్పెండ్ చేశారు. అదే నెల 22న కేంద్ర ప్రభుత్వం అంటువ్యాధుల చట్టాన్ని సవరిస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. ఆరోగ్య సిబ్బంది మీద హింసకి మూడు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు, తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ళ దాకా. ఆ ఆర్డినెన్స్ వచ్చి నెల తిరక్కముందే, మే 16న, విశాఖపట్నం నడిరోడ్డు మీద ఆయన్ని చొక్కా లేకుండా, చేతులు వెనక్కి కట్టేసి పోలీసులు ఈడ్చారు. మానసిక ఆసుపత్రికి తరలించారు. తాగి గొడవ చేశాడన్నారు. సరే, తాగాడే అనుకుందాం. తాగిన డాక్టర్లందరినీ తాళ్ళతోనే కడుతున్నారా? హైకోర్టు సి.బి.ఐ. విచారణకి ఆదేశించింది. 2021 మేలో ఆయన గుండెపోటుతో చనిపోయారు.

ఆ ఆర్డినెన్స్ మాటల్ని ఒకసారి నిదానంగా చదవండి. హింస అంటే కొట్టడమొక్కటే కాదు, పని చెయ్యనివ్వకుండా చేసే వేధింపు కూడా హింసేనని అందులో ఉంది. ఆ పని చేసింది 'ఎవరైనా' అని ఉంది గానీ రోగి బంధువనే లేదు. అంటే అక్షరం బాగానే ఉంది. ఆ అక్షరాన్ని పై అధికారి వైపు, లాఠీ వైపు తిప్పే చెయ్యే లేదు. 1989 నాటి అట్రాసిటీ చట్టంతో ఇన్నేళ్ళుగా కాపురం చేస్తున్న మనకి ఇదేం కొత్త కాదు.

2019లో ముంబైలో పాయల్ తడ్వి, 2023లో వరంగల్‌లో ధరావత్ ప్రీతి. ఇద్దరూ ఆదివాసీ బిడ్డలు, ఇద్దరూ పి.జి. చేస్తున్న డాక్టర్లు. సీనియర్లు వేధించారని రెండు కుటుంబాలూ చెప్పాయి, రెండు చోట్లా అట్రాసిటీ కేసులు పెట్టారు. ఈ మరణాలు 'ర్యాగింగ్' ఖాతాలో పడ్డాయి. డాక్టర్ల రక్షణ గురించి గొంతు చించుకునే సభల్లో ఈ పేర్లు ఎందుకు వినపడవు?

2024 ఆగస్టులో కలకత్తా ఆర్.జి. కర్ ఆసుపత్రిలో, డ్యూటీలో ఉన్న డాక్టరమ్మని చెరిచి చంపారు. అందులో శిక్ష పడినవాడు రోగి బంధువు కాదు, పోలీసులకి పనిచేసే సివిక్ వలంటీరు. సుప్రీంకోర్టు టాస్క్‌ఫోర్స్ వేసింది. ప్రకటించిన జాబితాలో హోదా రీత్యా వచ్చిన అధికారుల్ని పక్కన పెడితే మిగిలినవాళ్ళంతా పేరుమోసిన డాక్టర్లే. నర్సు లేదు. ఆయా లేదు. ఆశా లేదు. ఊడ్చేవాళ్ళ ఊసే లేదు.

మన రాష్ట్రాల చట్టం కూడా ఇంతే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో వచ్చిన చట్టం డాక్టర్లు, నర్సులు, వైద్య విద్యార్థులు, నర్సింగ్ విద్యార్థులు, పారామెడికల్ సిబ్బంది అని లెక్కపెట్టుకుంటూ వచ్చి అక్కడ ఆగింది. రాత్రిపూట గేటు దగ్గర జనాన్ని ఆపే ఏజెన్సీ గార్డుకే కదా మొదటి దెబ్బ తగిలేది? స్ట్రెచర్ లేకపోతే తిట్లు తినేది వార్డుబాయ్ కదా? నెత్తుటి గుడ్డలు ఎత్తేది, మార్చురీలో శవాన్ని కడిగేది ఏ వాడ నుంచి వచ్చినవాళ్ళో చెప్పాల్సిన పని లేదు. దెబ్బ కొట్టిన బంధువూ చాలాసార్లు ఆ వాడవాడే. పడకల్లేని ఆసుపత్రి మీది కోపం పక్కింటోడి చెంప మీద దిగుతోంది.

ఇక 'బర్నౌట్'. ఈ మాట మన వాడల్లో లేదు. ఒళ్ళు హూనమైంది అంటారు, పానం సొలిసింది అంటారు. పని ఒత్తిడిని సరిగా నిభాయించకపోవడం వల్ల వచ్చేదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వర్గీకరించింది, జబ్బు అని మాత్రం అనలేదు. మనవాళ్ళు దానికి యోగా, ధ్యానం, ఒకరోజు వర్క్‌షాపు రాసిస్తున్నారు. 1991 ఆగస్టు 6 చుండూరు హత్యాకాండ తర్వాత, తుంగభద్ర కాలవలోంచి తీసిన మనవాళ్ళ శవాలకి పోస్టుమార్టం చేసిన దళిత డాక్టరు ఆత్మహత్య చేసుకున్నాడు. దాన్ని ఏ ధ్యానం ఆపేది? కులం చేసిన గాయాన్ని కోసి చూడ్డం ఆయన డ్యూటీ అయింది. ఆ గాయం ఆయనదే అన్న సంగతి ఏ డ్యూటీ చార్టులోనూ ఉండదు.

2005లో మొదలైన ఆశాల పథకంలో వాళ్ళు ఇప్పటికీ కాగితం మీద వలంటీర్లే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అవార్డిచ్చింది. 2024 డిసెంబర్‌లో హైదరాబాద్ కోఠిలో 18 వేల వేతనం అడిగితే పోలీసులు ఈడ్చి వ్యానెక్కించారు. కొవిడ్ కాలంలో, 2020 జులైలో, గాంధీ ఆసుపత్రి ఔట్‌సోర్సింగ్ నర్సులూ నాలుగో తరగతి సిబ్బందీ సమ్మె చేసింది కూడా జీతం గురించీ, కొలువు గురించే. చాలీచాలని జీతం, రేపు ఉంటుందో ఊడుతుందో తెలియని పని. మనుషులు అలిసిపోయేది ఇక్కడ.

2008 చట్టాన్ని గట్టి చెయ్యాలనేవాళ్ళు శిక్ష పెంచమంటున్నారు. మేం నిర్వచనం మార్చమంటున్నాం. స్వీపరూ, గార్డూ, ఆయా, ఆశా, మార్చురీ కార్మికుడూ పేరు పేరునా అందులో ఉండాలి. కులం పేరుతో దూషించిన సీనియరూ, మాస్కు అడిగినవాడి ఉద్యోగం పీకిన అధికారీ, మూడు నెలలు జీతం ఎగ్గొట్టిన ఏజెన్సీ కాంట్రాక్టరూ హింస చేసినవాళ్ళ లెక్కలోకి రావాలి. ఆసుపత్రి కమిటీల్లో సగం కుర్చీలు డిగ్రీ లేని సిబ్బందికివ్వాలి. జూడాల సంఘాల్లో ఉన్న దళిత, ఆదివాసీ మిత్రులు ముందు తమ సంఘంలోనే ఈ చర్చ పెట్టాలని కోరుతున్నాం.