మైదానంలో సిద్ధి: డ్రమ్ కోర్ ప్రదర్శనల రూపకల్పన – అభిమానుల అభిప్రాయాల విమర్శ విలువ

వ్యాస సంగ్రహం

అమెరికాలోని డ్రమ్ కోర్ పోటీల్లో న్యాయనిర్ణేతల మార్కులకూ అభిమానుల అభిప్రాయాలకూ మధ్య దశాబ్దాలుగా ఘర్షణ ఉంది. ఆ అభిప్రాయాలు వట్టి ఇష్టాయిష్టాలేనా, లేక వాటికి విమర్శ విలువ ఉన్నదా అన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. 1993, 2007, 2008 సంవత్సరాల మూడు ప్రదర్శనలను ఆధారం చేసుకొని, భరతుని సిద్ధి, ఘాత, ప్రాశ్నిక భావనల వెలుగులోనూ, ఆనందవర్ధనుని ధ్వని సిద్ధాంతం వెలుగులోనూ ఈ ప్రశ్నను పరిశీలించడం వ్యాసోద్దేశం.

కీలక పదాలు: డ్రమ్ కోర్, ప్రదర్శన రూపకల్పన, అభిమాని, ప్రాశ్నికుడు, సిద్ధి, ఘాత, ధ్వని, సహృదయుడు.

1. ఉపోద్ఘాతం

డ్రమ్ కోర్ మూడు అంగాల సమాహారం: బ్రాస్ వాద్యాలు, తాళవాద్యాలు, జెండాలు రైఫిళ్లు కత్తులు చేతబట్టి నర్తించే కలర్ గార్డ్. వేణువు, క్లారినెట్ వంటి వాద్యాలకు ఇందులో చోటు లేదు. అమెరికన్ ఫుట్‌బాల్ మైదానమే రంగస్థలం. నూట యాభైమందికి పైబడిన యువతీయువకులు వేసవి అంతా బస్సుల్లో ఊరూరా తిరుగుతూ, పాఠశాలల వ్యాయామశాలల్లో నేలమీద నిద్రిస్తూ, పది పన్నెండు నిమిషాల ఒకే ఒక ప్రదర్శనకు మెరుగులు దిద్దుతారు. ఇరవయ్యొకటి, ఇరవైరెండేళ్ల వయసుకు వారి అర్హత ముగిసిపోతుంది.

ఈ కళకు మూలం సైనిక సంప్రదాయం. మొదటి ప్రపంచయుద్ధం తరువాత అమెరికన్ లీజన్ వంటి మాజీ సైనికుల సంఘాలు ఇటువంటి బృందాలను పోషించాయి. తమ కళను తామే నిర్దేశించుకోవాలని బృందాలు పట్టుబట్టిన ఫలితంగా 1971లో డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ ఏర్పడింది. 1972లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వైట్‌వాటర్‌లో తొలి జాతీయస్థాయి పోటీ జరిగింది. అనాహైమ్ కింగ్స్‌మెన్ బృందం గెలిచింది. బృందాల స్వేచ్ఛ పెరిగినకొద్దీ ప్రదర్శన రూపకల్పన మారింది. రూపకల్పన మారినకొద్దీ ప్రేక్షకులలో వాదం పెరిగింది. ఆ వాదాన్ని విమర్శగా చదవవచ్చునా?

2. ఘాతల లెక్క – ప్రభావం లెక్క

తొలినాళ్ల మూల్యాంకనం టిక్ పద్ధతిలో సాగేది. దోషం కనబడిన ప్రతిసారీ న్యాయనిర్ణేత ఒక మార్కులో పదోవంతు తగ్గించేవాడు. అడుగు తప్పినా, స్వరం చెదిరినా అదే శిక్ష. 1984 నుండి ఈ పద్ధతి స్థానంలో సాధించినదాన్ని కూడుకుంటూ పోయే పద్ధతి వచ్చింది. నేడు మొత్తం 100 మార్కులలో సామూహిక ప్రభావానికి 40, దృశ్యాంశానికి 30, సంగీతాంశానికి 30 కేటాయిస్తారు. ఏమి చేశారన్నది ఒక లెక్క, ఎలా చేశారన్నది మరొక లెక్క.

నాట్యశాస్త్రం 27వ అధ్యాయం చదివినవారికి ఇది కొత్తగా తోచదు. నాట్యంలో జరిగే పొరపాట్లను భరతుడు ఘాతలన్నాడు. వాటినీ, సిద్ధులనూ నమోదు చేసే లేఖకులను, గణకులను పేర్కొన్నాడు. ప్రయోక్తల మధ్య సంఘర్షణ వచ్చినప్పుడు తీర్పు చెప్పేందుకు ఒకరిని గాక పదిరకాల ప్రాశ్నికులను నిర్దేశించాడు. ఛందస్సు తెలిసినవాడు ఛందస్సునూ, చిత్రకారుడు అలంకరణనూ, గాంధర్వం తెలిసినవాడు స్వరతాళాలనూ పరీక్షించాలి. బ్రాస్‌కు ఒకరు, తాళవాద్యాలకు ఒకరు, కలర్ గార్డ్‌కు ఒకరుగా కూర్చునే డ్రమ్ కోర్ న్యాయనిర్ణేతల ఏర్పాటు దీనికి దగ్గరగా ఉంది. టిక్ పద్ధతి ఘాతలను మాత్రమే లెక్కించింది. 1984 తరువాతి పద్ధతి సిద్ధిని కూడా లెక్కించబూనింది.

ఇక్కడే చిక్కు మొదలైంది. ఘాతను నిపుణుడు గుర్తించగలడు. సిద్ధి జరిగేది ప్రేక్షకునిలో. ప్రేక్షకునిలో జరిగేదానికి నిపుణుడు మార్కులు వేస్తున్నప్పుడు, ఆ ప్రేక్షకుడు పక్కనే కూర్చొని ‘నాకలా అనిపించలేదు’ అంటే ఎవరి మాట చెల్లాలి? అభిమానుల అభిప్రాయాలకు ప్రాధాన్యం ఈ ప్రశ్న నుండి వచ్చింది.

3. అభిమాని స్వరూపం

డ్రమ్ కోర్ అభిమాని సాధారణంగా దారిన పోయే ప్రేక్షకుడు కాడు. చాలామంది ఒకప్పుడు ఏదో ఒక బృందంలో వాయించినవారు, నర్తించినవారు. లేదా పాఠశాల బ్యాండ్ అధ్యాపకులు, సభ్యుల తల్లిదండ్రులు. ఈ ప్రేక్షకుడు స్వరం పట్టులో తేడా వింటాడు, వరుస వంకర పోవడం చూస్తాడు. పాత ప్రదర్శనల జ్ఞాపకం అతని దగ్గర భద్రంగా ఉంటుంది. సాంటా క్లారా వాన్‌గార్డ్ బాటిల్ డాన్స్‌ను, మాడిసన్ స్కౌట్స్ 1988లో వాయించిన మలగేన్యాను తలచుకున్నప్పుడు అతడు వట్టి గతస్మృతిని నెమరువేయడం లేదు. ఒక కొలమానాన్ని ముందుకు తెస్తున్నాడు.

అయితే ఆ కొలమానంలో రెండు వేర్వేరు ఆక్షేపణలు కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీయడం విమర్శకుని మొదటి పని. ఒకటి సాధనాలకు సంబంధించినది. 2000లో జి శ్రుతి బ్యూగిళ్లతో పాటు ఇతర శ్రుతుల బ్రాస్ వాద్యాలకు అనుమతి వచ్చింది. 2004లో మైక్రోఫోన్లు, 2009లో ఎలక్ట్రానిక్ వాద్యాలు ప్రవేశించాయి. ప్రతి మార్పు సమయంలోనూ ‘ఇక ఇది డ్రమ్ కోర్ కాదు’ అన్న మాట వినబడింది. కానీ ఆ బ్యూగిలే మొదట కవాటం లేనిది. తరువాత ఒకటి, రెండు, చివరకు 1990లో మూడు కవాటాలు సంతరించుకున్నది. ప్రతి తరమూ తన యౌవనంలో విన్న ధ్వనినే కళకు నిర్వచనంగా భావించింది. ఈ ఆక్షేపణకు చరిత్రలో విలువ ఉంది గాని విమర్శలో తక్కువ.

రెండవది రూపకల్పనకు సంబంధించినది. సాధనం ఏదైనా, ప్రదర్శనలోని భావం వాయిద్యం నుండీ దేహం నుండీ పుడుతున్నదా, లేక బయటినుండి అతికించినదా అన్నది ఆ ఆక్షేపణ. దీన్ని తీసివేయడానికి వీలులేదు. ఈ తేడాను కిందటి మూడు ఉదాహరణలు స్పష్టం చేస్తాయి.

4. అభిమాని పొరబడిన సందర్భం: స్టార్ ఆఫ్ ఇండియానా, 1993

ఇండియానా రాష్ట్రం బ్లూమింగ్టన్‌కు చెందిన స్టార్ ఆఫ్ ఇండియానా 1985లో పోటీల్లో అడుగుపెట్టి 1991లోనే విజేతగా నిలిచింది. 1993లో బార్బర్, బార్టోక్ సంగీతంతో మైదానంలోకి వచ్చింది. కర్ణపేయమైన రాగం, ఉత్సాహపూరితమైన ముగింపు ఆశించిన ప్రేక్షకులకు కర్కశ స్వరాలు, కోణాకారపు దేహభంగిమలు, నిశ్శబ్ద విరామాలు ఎదురయ్యాయి. కొన్నిచోట్ల నిరసన ధ్వనులు వినబడ్డాయి. మిసిసిపీ రాష్ట్రం జాక్సన్‌లో జరిగిన తుదిపోటీలో ఆ బృందం కేవలం 0.1 తేడాతో కడెట్స్ చేతిలో ఓడింది. ఆ తరువాత పోటీలనే విడిచిపెట్టింది. అదే వనరులు, అదే ఊహ నుండి పుట్టిన ‘బ్లాస్ట్!’ 1999లో లండన్‌లో ప్రారంభమై బ్రాడ్వేకు చేరి, 2001లో టోనీ పురస్కారం పొందింది. నాడు ఈసడించిన ఆ 1993 ప్రదర్శనను నేడు అభిమానులే ఈ కళలోని ఉత్తమ కృతులలో ఒకటిగా చెప్పుకుంటారు.

భరతుడు మానుషీ సిద్ధిని చిరునవ్వు, నవ్వు, ‘అహో’ అన్న పలుకు, లేచి నిలబడడం వంటి చిహ్నాలతో గుర్తించమన్నాడు. దైవికీ సిద్ధికి మాత్రం శబ్దం లేకపోవడం, క్షోభ లేకపోవడం, రంగం నిండి ఉండటం లక్షణాలన్నాడు. చప్పట్లను మాత్రమే సిద్ధిగా లెక్కించే అలవాటున్న మైదానంలో, చప్పట్లకు తావివ్వకుండా రూపొందించిన ప్రదర్శన విఫలమైనట్లే తోస్తుంది. 1993 నాటి అభిమాని తప్పు అజ్ఞానం వల్ల వచ్చినది కాదు. సిద్ధి ఒకటే రకమని అనుకోవడం వల్ల వచ్చినది. అయినా ఆ తప్పును ఎక్కువగా సరిదిద్దింది తీర్పుపత్రం కాదు. ముద్రణలను మళ్లీ మళ్లీ చూసిన అభిమానులే. మార్కు ఆ రాత్రికే స్థిరపడింది. అభిప్రాయం మాత్రం ఎదిగింది.

5. అభిమాని గ్రహించిన సందర్భం: కడెట్స్, 2007

మైక్రోఫోన్‌కు అనుమతి లభించిన తరువాత కొన్ని బృందాలు వ్యాఖ్యానాన్ని ఆశ్రయించాయి. కడెట్స్ బృందం 2007లో ప్రదర్శించిన ‘దిస్ ఐ బిలీవ్’ దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. సభ్యుల శ్రమ, కష్టం, ఆనందం గురించి ప్రదర్శన జరుగుతుండగానే మాటల్లో చెప్పించారు. వాదన నైపుణ్యం వల్ల బృందం పైస్థానాల్లోనే నిలిచింది. అభిమానులలో చాలామంది మాత్రం తీవ్రంగా ఆక్షేపించారు: ‘మాట్లాడకండి, వాయించండి’ అన్నది వారి ఆక్షేపణ సారాంశం.

ఇది పాతవాసన పట్టిన మాటగా అప్పట్లో కొందరు కొట్టివేశారు. కాని అలంకారశాస్త్ర విద్యార్థికి ఇందులో సుపరిచితమైన సూత్రం కనబడుతుంది. రసం స్వశబ్దవాచ్యం కాదని ఆనందవర్ధనుడు నిరూపించాడు. ‘శృంగారం’ అన్న పదం వాడినంత మాత్రాన శృంగారరసం పుట్టదు; విభావాదుల ద్వారా వ్యంజింపజేయాలి. ‘మేము ఎంతో కష్టపడ్డాము’ అని వినిపించడం వల్ల ఆ కష్టం అనుభవానికి రాదు. పరుగెత్తుతూ ఊపిరి బిగబట్టి పలికించిన స్వరంలో అది ముందే ఉంది. మాట దాన్ని కప్పివేసింది. స్వశబ్దవాచ్యత్వ దోషాన్ని ఆ పేరు తెలియని అభిమాని గుర్తించాడు. ఇక్కడ అతని అభిప్రాయం నిస్సందేహంగా విమర్శే.

ఈ సందర్భంలోనే మరొక సంగతి గమనించాలి. రూపకర్తలు మైదానంలో ఉండరు. నిరసన చెవిన పడేది ఇరవయ్యేళ్ల వాద్యకారునికి. అతనికి అది బహుశా చివరి వేసవి. ఆ వ్యాఖ్యానాన్ని ఎంచుకున్నది అతడు కాడు. కాబట్టి అభిమాని విమర్శ ప్రయోగాన్ని, ప్రయోక్తను విడదీసి మాట్లాడినప్పుడే న్యాయమైనదవుతుంది. మంచి అభిమానులు చాలావరకు ఈ నియమాన్ని పాటిస్తారు: రూపకల్పనను తిట్టుకుంటూనే బృందం బయటికి నడిచేటప్పుడు లేచి నిలబడతారు.

6. ఇద్దరూ కలిసిన సందర్భం: ఫాంటమ్ రెజిమెంట్, 2008

మరుసటి ఏడు బ్లూమింగ్టన్‌లో జరిగిన తుదిపోటీలో ఫాంటమ్ రెజిమెంట్ ‘స్పార్టకస్’ ప్రదర్శించింది. బానిసల తిరుగుబాటు కథ అది. ఫాంటమ్‌కు 98.125, బ్లూ డెవిల్స్‌కు 98.100 మార్కులు వచ్చాయి, తేడా 0.025. ఇందులోనూ మాట ఉంది. ‘ఐ యామ్ స్పార్టకస్’ అని సభ్యులు ఒకరి తరువాత ఒకరు అరుస్తారు. 2007లో మాటను ఆక్షేపించిన అభిమానులే 2008లో ఆ మాటకు ఊగిపోయారు. ఇది పరస్పర విరుద్ధం కాదు. ఆ కేక భావానికి పేరు పెట్టదు. సంగీతం, కదలిక కలిసి అప్పటికే సిద్ధం చేసిన భావానికి అది అనుభావం. ఒకే సాధనం ఒకచోట వాచ్యమైంది, మరొకచోట వ్యంజకమైంది. కాబట్టి అభిమానుల తగవు మైక్రోఫోన్‌తోనో, మాటతోనో కాదని, ఔచిత్యంతోనని ఈ రెండు సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూస్తే తేలుతుంది.

అయితే 0.025 తేడాను సిద్ధికి రుజువుగా చూపడం సరికాదు. ఆ తేడా అటు తిరిగినా ఆ ప్రదర్శన అంతటిదే.

7. ఉపసంహారం

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, తీర్పుపత్రం ఘాతను కొలవడంలో సమర్థం. సిద్ధిని కొలవబోయినప్పుడు ప్రేక్షకుని అనుభవాన్ని అరువు తెచ్చుకుంటుంది. రెండు, అభిమాని అభిప్రాయం సాధనాల మార్పును అడ్డుకున్నప్పుడు బలహీనం, భావానికీ సాధనానికీ గల సంబంధాన్ని ప్రశ్నించినప్పుడు బలవత్తరం. మూడు, అభిమానికి ఉన్న ప్రత్యేకమైన హక్కు మళ్లీ చూడటం. న్యాయనిర్ణేత ఆ రాత్రికే తీర్పు చెప్పవలసినవాడు. అభిమాని పదేళ్ల తరువాత కూడా తన తీర్పును మార్చుకోగలడు. ఆ అవకాశాన్ని వాడుకున్న అభిమానే సహృదయుడు.

నాటక పరిషత్తుల పోటీలలో బహుమతి పొందిన నాటకానికీ, జనం గుర్తుంచుకున్న నాటకానికీ మధ్య ఎడం ఎరిగిన మనకు ఈ చర్చ పరాయిది కాదు. పోటీకోసం పుట్టే ఏ కళలోనైనా మార్కుల పట్టిక ఒక సాక్ష్యం మాత్రమే. రెండవ సాక్షి ప్రేక్షకుల వరుసలో కూర్చొని ఉంటాడు. అతడు చెప్పినదంతా నిజం కాకపోవచ్చు. అతణ్ని విచారించకుండా రాసిన విమర్శ మాత్రం అసమగ్రం.