'పైసలు ఆటను పాడుచేసినయ్' - ఎవరి ఆటను?

క్రికెట్ వ్యాపారం మీద మన దగ్గర ఫిర్యాదులకు కొదవ లేదు. 2008లో ఐపీఎల్ మొదలైన దగ్గర్నుంచీ ప్రతి వేసవిలో అవే మాటలు. ఆటగాళ్లను సంతలో పశువుల్లా వేలం వేస్తున్నారు. ఒక్కడికి అన్ని కోట్లా? హైదరాబాద్ టీమ్‌ల హైదరాబాదోడేడి? టికెట్ల ధర మండిపోతోంది. ఫోన్లో ఉచితంగా చూసిన ఆటకు ఇప్పుడు పైసలు కట్టమంటున్నారు. చివరికి అన్నిటినీ మూటగట్టి ఒకే మాట: పైసలు ఆటను పాడుచేసినయ్. హాస్టల్ మెస్సులో, టీకొట్టు దగ్గర, పత్రికల క్రీడాపేజీల్లో ఈ మాట వినీ వినీ మాకు చెవులు దిబ్బళ్లెక్కాయి.

వీటిని పనిలేని కుర్రాళ్ల గోల అని కొట్టిపారేయడం మన మేధావులకు అలవాటు. ప్రగతిశీల మిత్రులైతే క్రికెట్టే దోపిడీ వర్గాల వినోదం, దాని మీద సిరా ఖర్చు పెట్టడం దండగ అంటారు. మేము ఒప్పుకోం. వాడల్లో మన పిల్లలు తాటిమట్టను బ్యాటుగా చెక్కుకుని ఆడుతున్నారు. ఇష్టమైన జట్టు ఓడిపోతే ఆ పూట అన్నం ముట్టనివాళ్లు మాకు తెలుసు. ఫ్యాన్ ఫిర్యాదు కూడా ఒక విమర్శే. విమర్శ గనుకనే దాన్ని విమర్శగా చదవాలి. అది ఎవరిని తిడుతోంది, ఎవరిని వదిలేస్తోంది, ఏ గతాన్ని తలచుకుని కన్నీళ్లు పెడుతోంది అని అడగాలి.

ముందు కోట్ల సంగతి చూద్దాం. 2024 నవంబర్ వేలంలో రిషభ్ పంత్‌ను లక్నో జట్టు 27 కోట్లకు తీసుకుంది. మర్నాడు ఎక్కడ విన్నా 'వాడికంత సీనుందా' అనే చర్చే. సరే, లెక్కే వేద్దాం. ఆ వేలంలో ఒక జట్టు మొత్తం ఆటగాళ్ల మీద పెట్టగలిగిన గరిష్ఠ ఖర్చు 120 కోట్లు. 10 జట్లకు 1200 కోట్లు. 2023 నుంచి 2027 దాకా ఐదేళ్ల ప్రసార హక్కులను బోర్డు 2022లో అమ్మింది 48,390 కోట్లకు. ఏడాదికి సగటున 9,600 కోట్ల పైమాటే. టికెట్లు, స్పాన్సర్లు, చొక్కాల అమ్మకం ఇవేవీ ఇందులో లేవు. ఆటగాళ్లకు విడిగా ఇచ్చే మ్యాచ్ ఫీజు కలిపినా, ఒక్క ప్రసార ఆదాయంలోనే వాళ్ల వాటా ఏడో వంతు దాటదు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగులో ఆదాయంలో దాదాపు సగం ఆటగాళ్లకు పోతుంది. ఎందుకంటే అక్కడ ఆటగాళ్లకు యూనియన్ ఉంది, యజమానులతో కూర్చుని ఒప్పందం రాసుకుంటుంది. మన దగ్గర 2019లో ఏర్పడిన క్రికెటర్ల సంఘం రిటైరైనవాళ్ల కోసం. ఇప్పుడు ఆడుతున్నవాడి తరఫున అడిగే దిక్కు లేదు.

మన ఫ్యాన్‌కు 27 కోట్లు కనబడుతుంది, 48,390 కోట్లు కనబడదు. చెమటోడ్చేవాడి జీతాన్ని పైసా పైసా లెక్కేస్తాడు, యజమాని గల్లాపెట్టె దగ్గరికి వచ్చేసరికి లెక్కలు మర్చిపోతాడు. ఈ చూపు మాకు కొత్త కాదు. 1990లో మండల్ వ్యతిరేక ఆందోళన రోజుల్లో రోడ్ల మీద బూట్లు పాలిష్ చేసి 'మెరిట్' చచ్చిపోయిందని ఏడ్చిన చూపు ఇదే. 'వాడికి అర్హతకు మించి దక్కింది' అనే కొలబద్ద ఎప్పుడూ కిందికే దిగుతుంది, పైకి ఎక్కదు. పశువుల సంత అనే పోలికలో నిజం లేకపోలేదు. కానీ సంతలో తప్పు పశువుది ఎట్లా అవుతుంది?

ఇక 'పైసలు రాకముందు ఆట స్వచ్ఛంగా ఉండేది' అనే మాట. ఈ స్వర్ణయుగం ఎప్పుడుందో మాకు ఎవరూ చూపించలేదు. తెలుగువాళ్లం గనుక విజయనగరం నుంచే మొదలుపెడదాం. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకు కెప్టెన్ 'విజ్జీ' అని పిలుచుకునే విజయనగరం మహారాజకుమార్. సంపద, పలుకుబడి ఆయన్ని అక్కడికి తీసుకుపోయాయి. మూడు టెస్టుల్లో ఆయన చేసిన పరుగులు మొత్తం కలిపి 33. జట్టులో అందరికంటే బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ను మాత్రం క్రమశిక్షణ పేరుతో మధ్యలోనే ఓడెక్కించి ఇంటికి పంపారు. కార్పొరేట్లు పుట్టకముందే జమీందార్లు జట్టును కొనేశారన్నమాట. రైతుల శిస్తు పైసలు ఆటలోకి వస్తే సంప్రదాయం, టీవీ పైసలు వస్తే భ్రష్టత్వం!

విజ్జీకి పాతికేళ్ల ముందు పల్వంకర్ బాలు ఉన్నారు. ధార్వాడలో చమార్ కుటుంబంలో పుట్టిన మనిషి. పూనాలో తెల్లవాళ్ల క్లబ్బులో పిచ్ చదును చేసి, నెట్లు కట్టే పని. జీతం నెలకు నాలుగు రూపాయలు. ఇంగ్లీషు బ్యాట్స్‌మన్ గ్రెగ్ ప్రాక్టీసు కోసం గంటల తరబడి ఆయన చేత బంతులు వేయించుకునేవాడు. బ్యాటు మాత్రం చేతికిచ్చేవాళ్లు కాదు. బంతి వేయడం చాకిరీ, బ్యాటింగ్ దొరతనం. పూనా హిందువులకు తెల్లవాళ్లను ఓడించాలని పట్టుదల కలిగింది గనుక ఈయన్ని జట్టులోకి తీసుకున్నారు. మైదానంలో ఆయన పట్టిన బంతినే వాళ్లూ పట్టుకున్నారు. విరామంలో మాత్రం ఆయనకు టీ మట్టి ముంతలో, పెవిలియన్ బయట. భోజనం వేరుగా. బొంబాయిలో 1906లో హిందువుల జట్టు యూరోపియన్లను ఓడించడంలో ఆయన చెయ్యి ఉంది. 1911లో పటియాలా మహారాజు నాయకత్వంలో ఇంగ్లండ్ వెళ్లిన జట్టులో ఒక్కడే 100కు పైగా వికెట్లు తీశారు. అంత చేసినా హిందువుల జట్టు కెప్టెన్సీ ఆయనకు దక్కలేదు. ఎంతో గొడవ తర్వాత 1923లో తమ్ముడు విఠల్‌కు దక్కింది. (ఇదే బాలు 1937లో కాంగ్రెస్ తరఫున బాబాసాహెబ్ మీద పోటీచేసి ఓడిపోయారు. ఆ చరిత్ర వేరుగా రాయాల్సినది.)

కాబట్టి పైసలు ఆటను పాడుచేశాయని మాతో అనేవాళ్లను మేమడిగేది ఒక్కటే: ఆ ముంత పైసలతో వచ్చిందా?

దీన్నిబట్టి మేము మార్కెట్‌ను మోస్తున్నామని అనుకోవద్దు. అట్లా మోసేవాళ్లు మనలోనూ ఉన్నారు. మార్కెట్‌కు కులం తెలియదు, అది ప్రతిభనే చూస్తుందని వాళ్ల వాదన. ఉదాహరణకు మన హైదరాబాద్ కుర్రాడు మహ్మద్ సిరాజ్‌ను చూపిస్తారు. ఆటో నడిపిన తండ్రి కొడుకును 2017లో సన్‌రైజర్స్ 2.6 కోట్లకు తీసుకుంది. 2022లో ఎలక్ట్రీషియన్ కొడుకు తిలక్ వర్మను ముంబై తీసుకుంది. నిజమే, సంతోషమే. పాత పద్ధతిలో, సెలెక్టర్ల దయ మీద అయితే వీళ్లకు ఇంకెన్నేళ్లు పట్టేదో. అయితే తలుపు సందులోంచి ఇద్దరు దూరితే తలుపు తెరుచుకున్నట్టు కాదు. ఎంతమంది దళితులు, ఆదివాసులు ఏ స్థాయి దాకా వచ్చి ఎక్కడ ఆగిపోతున్నారో బోర్డు లెక్క చెప్పదు. లెక్కే లేనిచోట 'కులం లేదు' అనడం చాలా తేలిక.

ఇక్కడే మూడో ఫిర్యాదు మాకు ముఖ్యమనిపిస్తోంది - 'మనోడేడి?' హైదరాబాద్ కథ తెలిసిందే. 2008లో డెక్కన్ క్రానికల్ కంపెనీ 10.7 కోట్ల డాలర్లకు జట్టును కొన్నది. మొదటి ఏడాది అట్టడుగున, 2009లో చాంపియన్. 2012లో బోర్డు ఒప్పందం రద్దు చేసింది. చెన్నైకి చెందిన సన్ టీవీ ఏడాదికి 85.05 కోట్ల లెక్కన కొత్త జట్టు తీసుకుంది. పేరులో డెక్కన్ పోయి సూర్యోదయం వచ్చింది. ఊరు మారలేదు, ఫ్యాన్లు మారలేదు. యజమాని మారితే జెండా మారింది, వీళ్లను ఎవరూ ఒక మాట కూడా అడగలేదు. 2021లో వేలం అయిపోయాక ఖైరతాబాద్ ఎమ్మెల్యే దానం నాగేందర్ ఈ జట్టులో హైదరాబాద్ ఆటగాడు లేడని బహిరంగంగానే గొడవ చేశారు. లీగు మొదలైనప్పుడు ప్రతి జట్టులో స్థానిక ప్రాంతపు ఆటగాళ్లు కొందరుండాలనే నియమం ఉండేది. తర్వాత తీసేశారు.

'మనోడు ఉండాలి' అనడమంటే రిజర్వేషన్ అడగడమే. ఫ్యాన్‌కు ఆ సంగతి తెలియదు, తెలిసినా ఒప్పుకోడు. అంతకంటే విచిత్రం, ఇప్పుడూ రిజర్వేషన్ నడుస్తూనే ఉంది. మైదానంలో దిగే 11 మందిలో విదేశీయులు నలుగురికి మించకూడదు. అంటే కనీసం ఏడు స్థానాలు భారతీయులకు రిజర్వు. బయట కూర్చున్న ఐదో విదేశీయుడు లోపలున్న ఏడో భారతీయుడి కంటే మెరుగైన ఆటగాడు కావచ్చు. అయినా మెరిట్ చచ్చిపోయిందని ఎవరూ కిరోసిన్ డబ్బా పట్టుకుని రోడ్డెక్కలేదు. మన కుర్రాళ్లకు అవకాశం రావాలి కదా, పెద్దవాళ్లతో ఆడితేనే గదా నేర్చుకునేది అంటారు. అక్షరాలా మా వాదనే అది! 2017లో కేంద్రమంత్రి రాందాస్ అథవాలే క్రికెట్లో ఎస్సీ, ఎస్టీలకు 25 శాతం రిజర్వేషన్ అడిగితే మాత్రం దేశమంతా నవ్వింది. దక్షిణాఫ్రికా బోర్డు 2016లో జట్టులో సీజన్ సగటున ఆరుగురు శ్వేతేతరులు, అందులో ఇద్దరు నల్లజాతి ఆఫ్రికన్లు ఉండాలని లక్ష్యం పెట్టుకుంది. తెంబా బవుమాను 'కోటా ఆటగాడు' అని ఎన్నేళ్లు ఎగతాళి చేశారో ఆట చూసేవాళ్లకు తెలుసు. 2025 జూన్‌లో లార్డ్స్‌లో ఆస్ట్రేలియాను ఓడించి టెస్ట్ చాంపియన్‌షిప్ అందుకున్న జట్టుకు ఆయనే కెప్టెన్.

మరి మన దగ్గర అడుగుదామంటే ఎవర్ని అడగాలి? బోర్డు 'రాజ్యం' నిర్వచనం కిందికి రాదని 2005లో జీ టెలిఫిల్మ్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఐపీఎల్ నడుపుతున్నా బోర్డుకు పన్ను మినహాయింపు చెల్లుతుందని 2021లో ముంబై ఆదాయపన్ను ట్రిబ్యునల్ చెప్పింది. 2025లో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టంలో కూడా సమాచార హక్కు ప్రభుత్వ నిధులు తీసుకునే సంఘాల వరకే. చొక్కా మీద ఇండియా, పన్ను దగ్గర ధర్మసంస్థ, ప్రశ్న అడిగితే ప్రైవేటు. 1995లో ఇదే క్రికెట్ ప్రసారాల తగాదాలో సుప్రీంకోర్టు ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అన్నది. ఆ ప్రజలు 2023, 2024లలో ఉచితంగా చూసిన ఐపీఎల్‌కు 2025లో చందా కట్టారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఐపీఎల్ టికెట్ మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతం అయింది. వాడ కుర్రాడికి స్టేడియం ఎప్పుడూ దూరమే. ఇప్పుడు ఫోను కూడా దూరమవుతోంది.

2025 జూన్ 3న బెంగళూరు జట్టు 18 ఏళ్లకు కప్పు గెలిచింది. మర్నాడు చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. తప్పు పోలీసులదా, యాజమాన్యానిదా, ప్రభుత్వానిదా అని వాదించుకున్నారు. చనిపోయినవాళ్లు ఈ వ్యాపారంలో ఎవరు? యజమాని కాదు, కూలీ కాదు, సభ్యుడు కాదు. జర్మనీలో ఫుట్‌బాల్ క్లబ్బుల్లో చాలావాటికి సగానికి మించిన ఓటు సభ్యుల చేతిలోనే ఉండాలనే నియమం ఉంది. 2021 ఏప్రిల్‌లో కొన్ని పెద్ద క్లబ్బులు కలిసి యూరప్‌లో సొంత లీగు ప్రకటిస్తే, ఇంగ్లండ్ ఫ్యాన్లు వీధుల్లోకొచ్చి రెండ్రోజుల్లో కూల్చేశారు. తెలుగువాళ్లకు సంఘం కట్టడం రాక కాదు. సినిమా హీరోలకు ఊరూరా అభిమాన సంఘాలున్నాయి, ఏ హీరోకు ఏ కులం దన్నో, కటౌట్లకు పాలు పోయడానికి నిచ్చెనెక్కేది ఎవరి పిల్లలో అందరికీ తెలుసు. ఆటకు మాత్రం సంఘం లేదు. తిట్టేవాళ్లే ఉన్నారు.

హైదరాబాద్ క్రికెట్ సంఘంలో ఓటు క్లబ్బులది. స్థానిక ఆటగాడు తయారయ్యేది ఆ క్లబ్బుల లీగుల్లోనే. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు ఏకసభ్య కమిటీ 2023లో, కొద్దిమంది వ్యక్తులు, కుటుంబాల గుప్పిట్లో అనేక క్లబ్బులున్నాయని తేల్చి 57 క్లబ్బులను ఎన్నికలకు దూరం పెట్టింది. 'మనోడేడి' అనే ప్రశ్నకు జవాబు దొరికే చోటు అది. వేలం గది కాదు. పంత్ 27 కోట్ల మీద నెల రోజులు వాదించుకున్న మా హాస్టల్లో ఈ 57 గురించి ఒక్క పూట కూడా మాట్లాడుకోలేదు.

మా విద్యార్థి మిత్రులకు ఒక పని చెప్తున్నాం. లీగుల్లో ఆడుతున్న క్లబ్బుల జాబితా తీయండి. కాగితం మీద మూడు గడులు గీయండి: కార్యదర్శి ఇంటిపేరు, గ్రౌండు ఏ పేటలో ఉంది, కొత్త కుర్రాడు చేరాలంటే ఎంత కట్టాలి. వచ్చే వేలం లోపల ఎన్ని గడులు నిండితే అన్ని పంపండి, అచ్చు వేద్దాం.