సగానికి రెట్టింపు

వెయ్యి రూపాయలకు హుండీ రాయవలసి వస్తే పాతకాలపు షరాబు 1000 అని అంకె వేసి ఊరుకునేవాడు కాదు. పక్కనే అక్షరాల్లో వెయ్యి అని రాసేవాడు. అంతటితోనూ తృప్తిపడక, ఇందులో సగం అయిదువందలు, దానికి రెట్టింపు చెల్లించవలసింది అనే అర్థం వచ్చే మాట మరొకటి చేర్చేవాడు. దారిలో ఎవడో ఒక సున్నా కలిపి వెయ్యిని పదివేలు చేశాడనుకోండి, సగం లెక్క ఒప్పుకోదు. సగాన్నీ దిద్దితే అక్షరాలు ఒప్పుకోవు. కాగితానికి కాగితమే కాపలా.

దేశం నుంచి దేశానికి పెద్ద మొత్తాలు తక్కువ ఖర్చుతో ఎలా చేరతాయో ఈ మధ్య కాస్త లోతుగా చూశాను. చూసేకొద్దీ ఆ షరాబే గుర్తుకొచ్చాడు. ఫోను మీద నాలుగు నొక్కులతో అయిపోయినట్టు కనిపించే ఈ పని వెనక తరతరాల పనితనం ఉంది. దాన్ని దగ్గరగా పట్టి చూపించాలని ఈ వ్యాసం.

ఇప్పుడు మనకు హుండీ అంటే గుడిలో కానుకల పెట్టె. వర్తకుల వాడుకలో అది ఉత్తరం. ఒక ఊరి షరాబు మరో ఊరి షరాబుకు, ఫలానావారికి ఇంత సొమ్ము ఇవ్వవలసిందని రాసే ఉత్తరం. చూపగానే చెల్లించేది దర్శనీ హుండీ, గడువు తీరాక చెల్లించేది ముద్దతీ హుండీ. ఉత్తరం పోతే రెండో ప్రతి రాసేవారు, దాన్ని పేట్ అనేవారు. అదీ పోతే పర్‌పేట్. 17వ శతాబ్దంలో మన దేశమంతా తిరిగిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే, ఏ ఊరి నుంచి సూరత్ మీద హుండీ రాస్తే ఎంత పడుతుందో వరసగా రాసిపెట్టాడు. అందులో మన గోల్కొండ కూడా ఉంది: నూటికి నాలుగు నుంచి అయిదు. వెండి నాణేల సంచులు బండ్ల మీద వేసుకుని, దొంగల భయంతో అడవిదారిన పోవడం కంటే అది ఎంతో నయం. సంచి గోల్కొండలోనే ఉంది, మాట మాత్రం సూరత్ చేరింది. సూరత్‌లో ఉన్న వెండి సూరత్‌లోనే ఒకరి పెట్టెలోంచి మరొకరి పెట్టెలోకి మారింది.

ఈ సూత్రం ఇప్పటికీ చెక్కు చెదరలేదు. 1871లో వెస్టర్న్ యూనియన్ తంతి ద్వారా డబ్బు పంపడం మొదలుపెట్టినప్పుడు తీగ మీద నడిచింది మాటే. 1973లో 15 దేశాలకు చెందిన 239 బ్యాంకులు కలిసి బెల్జియంలో స్విఫ్ట్ అనే సంస్థను పెట్టుకున్నాయి. 1977 నుంచి దాని మీద సందేశాలు నడుస్తున్నాయి. స్విఫ్ట్ దగ్గర ఎవరి డబ్బూ ఉండదు. అది పంపేది సందేశమే. డల్లాస్‌లో ఉన్నవాడు విజయవాడకు సొమ్ము పంపితే, న్యూయార్కులో మన బ్యాంకుకు ఉన్న డాలర్ల ఖాతాలో ఆ డాలర్లు జమ అవుతాయి. ఆ కబురు అందగానే ఇక్కడి బ్యాంకు తన దగ్గరున్న రూపాయలు తీసి విజయవాడ ఖాతాలో వేస్తుంది. డాలరు అమెరికా దాటలేదు, రూపాయి భారతదేశం దాటలేదు. పరాయి దేశపు బ్యాంకులో మన బ్యాంకు పెట్టుకున్న ఇలాంటి ఖాతాను బ్యాంకువాళ్లు నోస్ట్రో అంటారు. ఇటాలియన్‌లో ఆ మాటకు మాది అని అర్థం. అదే ఖాతాను అవతలి బ్యాంకు వోస్ట్రో అంటుంది, అంటే మీది. ఒకే ఖాతాకు రెండు పేర్లు, అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి.

ప్రయాణం చేసేది మాట అయినప్పుడు ఆ మాటలో తప్పు దొర్లకూడదు. ఇక్కడే ఆధునికుల పనితనం షరాబును తలపిస్తుంది. యూరప్ దేశాలతో మొదలై చాలా దేశాలకు పాకిన ఐబ్యాన్ అనే ఖాతా సంఖ్యను చూడండి. నార్వేలో దానికి 15 స్థానాలు, బ్రిటన్‌లో 22, ఎంత పొడవైనా 34 దాటదు. మొదటి రెండూ దేశం అక్షరాలు, ఆ తర్వాత రెండు అంకెలు. ఈ రెండంకెలే కాపలాదారులు. మొదటి నాలుగింటినీ తీసి చివర పెట్టాలి. అక్షరాలను ఎ అంటే 10, బి అంటే 11, అలా జడ్ అంటే 35 వరకూ అంకెలుగా మార్చాలి. వచ్చిన ఆ పొడవాటి సంఖ్యను 97తో భాగిస్తే శేషం ఒకటి రావాలి. రాకపోతే ఎక్కడో తప్పుంది, సందేశం బయల్దేరదు.

97 ఎందుకు? మనం చేసే పొరపాట్లు ఎక్కువగా రెండు రకాలు. ఒక అంకె బదులు మరో అంకె కొట్టడం, పక్కపక్క అంకెలు తారుమారు చేయడం. మొదటి రకంలో వచ్చే తేడా ఒకటి నుంచి తొమ్మిది లోపే, దాని వెనక కొన్ని సున్నాలు. రెండో రకంలో తేడా ఎప్పుడూ తొమ్మిదికి గుణిజం: 48ని 84 అని కొడితే తేడా 36. ఎంత ఎక్కువైనా 81, వెనక మళ్లీ సున్నాలు. 97 ప్రధాన సంఖ్య. ఈ తేడాల్లో ఏదీ దానితో నిశ్శేషంగా భాగం పోదు. కాబట్టి ఈ రెండు రకాల తప్పుల్లో ఏ ఒక్కటి జరిగినా శేషం మారుతుంది, తప్పు పట్టుబడుతుంది. రెండంకెల్లో ఇమిడే ప్రధాన సంఖ్యల్లో అన్నిటికన్నా పెద్దది ఎంచుకున్నారు. సగానికి రెట్టింపు అని రాసిన చెయ్యి, శేషం ఒకటి అని రాసిన చెయ్యి ఒక్క బడిలో చదువుకున్నట్టే ఉన్నాయి.

మన దేశంలో ఐబ్యాన్ లేదు. మనకు ఖాతా సంఖ్య, దాంతోపాటు పదకొండు స్థానాల ఐఎఫ్ఎస్‌సీ కోడు ఉంటాయి. అందులో మొదటి నాలుగు బ్యాంకు, అయిదోది సున్నా, మిగిలిన ఆరు శాఖ. ఆర్టీజీఎస్, నెఫ్ట్ పద్ధతుల్లో సొమ్ము ఖాతా సంఖ్యను బట్టే జమ అవుతుంది, పేరును బట్టి కాదు. అందుకే పంపేముందు అవతలివారి పేరు తెర మీద కనిపించే ఏర్పాటు 2025 ఏప్రిల్ 1 నాటికి చెయ్యాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. ఆలస్యమైనా మంచి పని.

ఇక ఖర్చు సంగతి. మా అక్క కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. విజయవాడలో ఫ్లాటు కొనడానికి సొమ్ము పంపే ముందు ఫోను చేసి, “మామయ్యా, ఈ బ్యాంకు రుసుమే లేదంటోంది, ఇందులోంచి పంపేస్తాను” అన్నాడు. రుసుము సంగతి సరే, రేటెంత ఇస్తున్నారో చూడమన్నాను. ఇద్దరం కాగితం మీద లెక్క వేసుకున్నాం. 50,000 డాలర్లు అనుకుందాం. బ్యాంకులు తమలో తాము కొనుక్కునే ధరకూ అమ్ముకునే ధరకూ నడిమి రేటు 85 రూపాయలు అనుకుందాం. రుసుము లేదన్నవారు డాలరుకు 83 రూపాయల 90 పైసలు ఇస్తే, రూపాయి పది పైసల చొప్పున 55,000 రూపాయలు రేటులోనే కరిగిపోయాయి. నడిమి రేటే ఇచ్చి 250 డాలర్ల రుసుము చెప్పి మరీ తీసుకునేవారి దగ్గర పోయేది 21,250 రూపాయలు. తేడా 33,750. మావాడు కాసేపు మాట్లాడలేదు. ఉచితం అన్నచోటే ఎక్కువ పోతోంది.

దారి ఖర్చు మరొకటి ఉంది. మధ్యలో తగిలే బ్యాంకులు తలా కొంత కోసుకుంటాయి. పంపే ఫారంలో అవర్, షా, బెన్ అని మూడు ఎంపికలు ఉంటాయి. అవర్ అంటే ఖర్చంతా పంపేవారిదే, షా అంటే ఇద్దరూ పంచుకోవడం, బెన్ అంటే అందుకునేవారి సొమ్ములోంచి. ఇంటి రిజిస్ట్రేషన్‌కు సరిగ్గా ఇంత అందాలి అన్నప్పుడు ఈ మూడు మాటల తేడా తెలిసి ఉండాలి.

రేటులో దాగే ఆ ఖర్చును వెలుగులోకి తెచ్చిన పనిని మెచ్చుకోకుండా ఉండలేను. ఎస్తోనియా దేశపు మిత్రులిద్దరు, టావెట్ హిన్రికుస్, క్రిస్టో కార్మాన్, లండన్‌లో ఉండేవారు. మొదటివాడికి స్కైప్‌లో జీతం యూరోల్లో వచ్చేది, లండన్ ఖర్చులకు పౌండ్లు కావాలి. రెండోవాడికి జీతం పౌండ్లలో, ఎస్తోనియాలో ఇంటి అప్పుకు యూరోలు కావాలి. నెలనెలా ఆ రోజు నడిమి రేటు చూసుకుని, కార్మాన్ తన పౌండ్లు మిత్రుడి లండన్ ఖాతాలో వేసేవాడు, హిన్రికుస్ తన యూరోలు మిత్రుడి ఎస్తోనియా ఖాతాలో వేసేవాడు. ఒక్క నాణెం సరిహద్దు దాటలేదు, ఇద్దరి అవసరమూ తీరింది. గోల్కొండ షరాబుకు చెబితే ఇందులో కొత్తేముందని అడిగేవాడు. కొత్తదల్లా, ఆ ఇద్దరూ 2011లో దీన్ని అందరికీ తెరిచి ట్రాన్స్‌ఫర్‌వైజ్ అనే సంస్థ పెట్టడం, రేటు ఇది, మా కూలి ఇది అని రెండు వేర్వేరు వరసల్లో చూపించడం. 2021లో ఆ సంస్థ పేరు వైజ్ అయింది.

అయితే ఇద్దరు మిత్రుల లెక్క మన దేశానికి అచ్చంగా కుదరదు. మనకు వచ్చేది ఎక్కువ, పోయేది తక్కువ. ప్రపంచ బ్యాంకు అంచనా ప్రకారం 2024లో విదేశాల్లోని మనవాళ్లు పంపింది సుమారు 129 బిలియన్ డాలర్లు, ప్రపంచంలో ఏ దేశానికీ అంత రాలేదు. తక్కెడలో ఒక వైపే బరువు ఉన్నప్పుడు ఎదురు జోడీ దొరకదు. అప్పుడు వేలమంది పంపిన చిన్నాపెద్దా సొమ్ములను ఒక్క మూటగా కట్టి టోకు బజారులో రూపాయలు కొంటారు, వాటిని ఇక్కడి బ్యాంకు ద్వారా ఎవరి ఖాతాకు వారికి విడదీసి పంచుతారు. చిల్లర ధరకూ టోకు ధరకూ ఉన్న తేడా మనకు మిగులుతుంది. ఇంత జరిగినా చిన్న మొత్తాల వారి కష్టం తీరలేదు. 200 డాలర్లు పంపడానికి ప్రపంచ సగటు ఖర్చు ఇంకా ఆరు శాతం పైనే. ఐక్యరాజ్యసమితి 2030 నాటికి మూడు శాతం లోపుకు తేవాలని లక్ష్యం పెట్టుకుంది. తావెర్నియే నాటి గోల్కొండ రేటు కన్నా ఇప్పటి సగటు ఎక్కువగా ఉందంటే, ఈ పనిలో మంచి పనివాళ్ల అవసరం ఇంకా ఎంత ఉందో చూడండి.

సొమ్ము కదలకుండా మాట కదిలే పని హవాలాలోనూ జరుగుతుంది. హవాలాలో లెక్క చీకట్లో ఉంటుంది, చట్టం దాన్ని ఒప్పుకోదు. మాట తప్పితే అడగడానికి మన చేతిలో ముక్క కాగితం ఉండదు. తెరిచిన దారిలో కాగితాలు ఎక్కువే. ఇక్కడ నివసించేవారు విదేశాలకు పంపేది ఏడాదికి 2,50,000 డాలర్ల లోపు ఉండాలి. ప్రవాసులు ఇక్కడి బ్యాంకులో తమకున్న ఎన్ఆర్ఓ అనే రూపాయల ఖాతాలోని సొమ్మును ఏడాదికి పది లక్షల డాలర్ల వరకూ, పన్ను లెక్క చూపించి తీసుకుపోవచ్చు. ఎందుకు పంపుతున్నారో తెలిపే పర్పస్ కోడు వెయ్యాలి. విసుగనిపించినా, ఈ కాగితాలే సొమ్ముకు ఊరూ పేరూ ఇస్తాయి.

సొమ్ము చెల్లించేసిన హుండీని షరాబులు ఖోఖా అనేవారు. దానితో ఇక పైసా పుట్టదు, అయినా పారేసేవారు కాదు, కట్టకట్టి దాచేవారు. మావాడి సొమ్ము చేరాక బ్యాంకు ఇచ్చిన కాగితాన్ని మా అక్క అలాగే దాచింది. ఫ్లాటు దస్తావేజు ఉన్న సంచిలోనే, దాని వెనకాల. రేపు ఆ ఫ్లాటు అమ్మి సొమ్ము మళ్లీ అమెరికా తీసుకుపోవాలంటే, కొన్న డబ్బు బయటి దేశం నుంచి బ్యాంకు దారినే వచ్చిందని చూపించవలసి ఉంటుంది. అందులో అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి మొత్తం రాసి ఉంది. అక్క ఆ రెంటినీ వేలు పెట్టి సరిచూసుకుని, సంచి ముడి వేసి, బీరువాలో పెట్టింది.