శోళవరపు వనభోజనము

పూండి జలాశయము నుండి కాలువగుండ వచ్చు నీటిని గైకొని పుళల్ చెరువున కందించు శోళవరపు చెరువు, ఈశాన్య ఋతుపవనముచే కార్తికమున నిండి కళకళలాడునప్పుడు, దాని చెంతకు వనభోజనమునకు బోవ నుత్సహించు పట్టణవాసి పొయ్యి రాజేయకయే, తన వీథి యంగళ్లనుండి సమస్తమును సమకూర్చుకొనవచ్చును. ఈ సౌలభ్యమునకు మూలమైన పొట్లము కట్టువాని విద్యను లోకము తగినంతగా మెచ్చుకొనలేదని నా తలంపు.

అరటియాకును సెగపై వాడ్చి, చిరుగకుండ మడిచి, నారతో బిగించుటలో వాని హస్తలాఘవ మొక యెత్తు. పులిహోర ప్రొద్దుటనే కలిపినచో మధ్యాహ్నమునకు చింతపండు పులుసును నువ్వులనూనెయు మెతుకు మెతుకున నింకి రుచి హెచ్చునని, దధ్యోదనమున పెరుగు తగ్గించి కాచిన పాలు హెచ్చుగ పోసినచో తినువేళకు పులియక కమ్మగా తోడుకొనునని, కొబ్బరిపచ్చడి త్వరగా చెడును గావున ఇడ్లీలకు నూనెతో తడిపిన కారప్పొడియే దారికి దగినదని యతడు గ్రహించియుండుట మఱొక యెత్తు. తినబోవు క్షణమునకు రుచిని కుదుర్చు ఈ దూరదృష్టిని నేను పాకకళలో నుత్తమభాగముగా నెంచుచున్నాను.

మురుకులు, అరటిపండ్లు ఎచ్చటనైనను దొరకును. వానిని కొనుటకు ఈ సీమ యంగళ్లలో బేరము తెలుగునను తమిళమునను సాగుచునే యున్నది.

తినువేళకు పులియకుండుటకై దధ్యోదనమును కడపట కొనవలెను. శోళవరపు చెరువు నీరు చెన్నై మహానగరమునకు త్రాగునీరు. కావున ఎంగిలాకులను మూటగట్టి వెంట తెచ్చుకొనవలెను.