గోకవరం బస్టాండ్ గోకవరంలో లేదు

రాజమండ్రిలో ఎవరినడిగినా గోకవరం బస్టాండ్ ఎక్కడుందో చెబుతారు. అది ఊరి మధ్యలోనే ఉంది. గోకవరం మాత్రం అక్కడికి పాతిక ముప్పై కిలోమీటర్ల దూరాన, మన్యం వెళ్లే దారిలో, వేరే మండల కేంద్రం. ఈ తేడా ఆటో నడిపేవాళ్లెవరికీ విప్పి చెప్పనక్కర్లేదు. చిరునామాలను అక్షాంశ రేఖాంశాలుగా మార్చే సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ఎవరో ఒకరు చెప్పి ఉండాలి. ‘గోకవరం బస్టాండ్ ఎదురు సందు’ అని ఇచ్చినప్పుడు తన పేర్ల పట్టికలో ఆ బస్టాండ్ లేకపోతే, అది గోకవరాన్ని పట్టుకుని అక్కడ ఒక చుక్క పెట్టేస్తుంది. పొరబడినందుకు దాన్ని తప్పుపట్టను. కానీ ఆ చుక్కను దశాంశం తర్వాత ఆరంకెలు వేసి మరీ చూపిస్తుంది. ఆరో అంకె అంటే నేల మీద సుమారు 11 సెంటీమీటర్లు, జానెడులో సగం. పాతిక కిలోమీటర్లు తప్పిన చోటును కూడా సగం జానెడు ఖచ్చితత్వంతో చెబుతోందన్నమాట. దొరకని చిరునామాను దొరకలేదని చెప్పే ధైర్యం ఈ పనిలో అన్నిటికంటే ముందు కావాలని నా వాదన.

చిరునామాను అక్షాంశ రేఖాంశాలుగా మార్చే ఈ పద్ధతి మన వీధుల కోసం పుట్టింది కాదు. అమెరికా జనగణన శాఖ 1990 లెక్కల కోసం తయారుచేసిన టైగర్ ఫైళ్లలో వీధిలోని ప్రతి ముక్కకూ ఎడమ పక్క ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా, కుడి పక్క ఎంత దాకా అని రాసి ఉంటుంది. సరి సంఖ్యలు ఒక వైపు, బేసి సంఖ్యలు మరో వైపు. 100 నుంచి 198 వరకు ఉన్న ముక్కలో 150వ ఇల్లు దాదాపు సగం దూరంలో ఉంటుందని లెక్క కట్టేయవచ్చు. మన డోర్ నంబరులో వార్డు, బ్లాకు, ఇల్లు వరుసగా ఉంటాయి. వీధి పేరు ఉండదు. ఒక ఇంటి స్థలం రెండైతే రెండో ఇల్లు ‘బై 1’ అవుతుంది, మూడోది ‘బై 1ఎ’ అవుతుంది. వార్డుల హద్దులు మారితే పాత నంబరు పక్కనే కొత్తది వెలుస్తుంది, గేటు మీద రెండూ ఉంటాయి. అందుకే జనం ఆ అంకెల్ని నమ్ముకోకుండా ‘దేవీచౌక్ దగ్గర’, ‘కంబాలచెరువు వెనక’, ‘కాలువ గట్టు మీద’ అని రాస్తారు. అసలు చిరునామా ఆ మాటల్లోనే ఉంది. ప్రోగ్రాము వాటిని చెత్త కింద ఏరి పారేసి, చివరికి పిన్‌కోడ్ దగ్గర ఆగుతుంది. 1972 ఆగస్టు 15న వచ్చిన పిన్‌కోడ్ ఉత్తరాన్ని ఫలానా పోస్టాఫీసు దాకా చేర్చడానికి పెట్టినది. అక్కడి నుంచి గుమ్మం దాకా దారి పోస్ట్‌మ్యాన్‌కు తెలిసిన విద్య. (పుదుచ్చేరికి చెందిన యానాం పిన్ కూడా రాజమండ్రి పిన్‌లాగే 533తోనే మొదలవుతుంది. పిన్ చూసి రాష్ట్రం నింపేవాళ్లు అక్కడ కాస్త ఆగాలి.)

జిల్లా మ్యాపులో ఆ మాత్రం తేడాతో కొంప మునగదని కొందరంటారు. మండలాల వారీ వర్షపాతం రంగులు వేసేటప్పుడు నిజంగానే మునగదు. ఒక పట్టణంలో డెంగీ కేసుల జాబితా తీసుకుని చూడండి. పోల్చుకోలేని చిరునామాలన్నీ పిన్‌కోడ్ ప్రాంతపు నడిమధ్యన ఒకదాని మీద ఒకటి పోగుపడతాయి. కేసులు ఎక్కువున్నచోట ఎర్రగా చూపించమంటే ఆ నడిమధ్యే ఎర్రబడుతుంది. దోమల మందు కొట్టే యంత్రం అక్కడికే వెళుతుంది. నిజంగా మురుగు నిలిచిన సందు ఇంకో మూలన ఉంటుంది. పేర్ల చిక్కు కూడా తక్కువది కాదు. ధవళేశ్వరాన్ని ఇంగ్లిషులో నాలుగు రకాలుగా రాస్తాం. రాజమండ్రి 2015లో రాజమహేంద్రవరం అయింది. 2022 ఏప్రిల్ 4 తర్వాత అమలాపురం తూర్పు గోదావరి జిల్లాలో లేదు. పాత రిజిస్టరులోని ‘అమలాపురం, తూ.గో. జిల్లా’ రాసిననాటికి తప్పు కాదు. ఏ ఏడాది రాశారో తెలియని యంత్రానికి అది ఊళ్లూ జిల్లాలూ కలవని చిరునామా.

పైగా డెల్టాలో కొద్దిపాటి దూరం కొద్దిపాటిది కాదు. నరసాపురానికీ సఖినేటిపల్లికీ మధ్య వశిష్ఠ గోదావరి ఒక్కటే అడ్డం. పంటు ఎక్కితే అవతలి రేవు, రోడ్డున వెళ్లాలంటే చించినాడ వంతెన మీదుగా చుట్టు. చుక్క కాస్త పక్కకు జరిగి అవతలి గట్టు మీద పడితే అంబులెన్సుకు అది వేరే ప్రయాణం. కనకాయలంక సంగతి ఇంకా చిత్రం. మండలం పశ్చిమ గోదావరిలోని యలమంచిలి, రాకపోకలు మాత్రం కోనసీమ వైపు చాకలిపాలెం నుంచి కాజ్‌వే మీదుగా. వరదొస్తే ఆ కాజ్‌వే మునుగుతుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లోని ఇళ్లకు ఏ గట్టు నుంచి పడవ వేయాలన్నదే ప్రశ్న. ఇంటి అక్షాంశ రేఖాంశాలు అక్షరాలా సరిగ్గా ఉన్నా అందుకు జవాబు రాదు. చిరునామాతో పాటు ‘ఏ రేవు నుంచి’ అన్న గడి కూడా పట్టికలో ఉండాలి.

ఇంత గొడవెందుకు, డిజిపిన్ వచ్చింది కదా అనేవాళ్లున్నారు. తపాలా శాఖ ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకి చెందిన ఎన్‌ఆర్‌ఎస్‌సీలతో కలిసి తయారుచేసి 2025లో తెచ్చింది. దేశాన్ని నాలుగేసి మీటర్ల గళ్లుగా కోసి ఒక్కో గడికి పది అక్షరాల కోడ్ ఇస్తుంది. మంచి పనే. కానీ అక్కడ నిలబడి ఫోను తీసేవాళ్లకే, లేదంటే మ్యాపులో తమ ఇంటి పైకప్పును గుర్తుపట్టగలవాళ్లకే అది పనికొస్తుంది. ఆసుపత్రి రిజిస్టర్లలో, బడి అడ్మిషన్లలో ఏళ్ల తరబడి పేరుకున్న చిరునామాల పక్కన ఎవరూ నిలబడి లేరు. వాటిని మాటల నుంచే తేల్చాలి.

నూటికి నూరూ మ్యాపు మీదికి ఎక్కాలని పై అధికారులు అడుగుతారు, ఖాళీలు వదిలితే పని చేయలేదనుకుంటారు అన్న అభ్యంతరమే నాకు బలమైనదిగా తోస్తుంది. అందుకు నా దగ్గరున్న జవాబు ఒక్క నిలువు గడి. ప్రతి చుక్క పక్కన అది ఇంటి దాకా దొరికిందా, వీధి దాకానా, పిన్‌కోడ్ దాకానా అని రాసి పెట్టడం. చాలా సాఫ్ట్‌వేర్లు ఈ వివరం ఇస్తూనే ఉన్నాయి. మ్యాపు గీసేటప్పుడు మనమే దాన్ని తీసేస్తున్నాం. రెండోది, స్థానిక గుర్తుల పట్టిక. 2019 అక్టోబరు 2న కాకినాడ దగ్గర కరపలో మొదలైన గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బందికి తమ పరిధిలోని రేవులు, చెరువులు, గుళ్లు అన్నీ తెలుసు. కూలగొట్టినా పేరు మిగిలిన సినిమా హాళ్లను కూడా వాళ్లు అందులో చేర్చగలరు. అప్పటికీ తేలని వరుసల్ని అచ్చు తీసి ఆ బీటు పోస్ట్‌మ్యాన్ ముందు పెడితే చాలావరకు ఒక పూటలో తేలిపోతాయి. ఆ పూట భత్యం ఏ పద్దు కింద రాయాలో మాత్రం ముందే చూసుకోవాలి.